సముద్రతీరమున పెంపుడు కుక్క

సముద్రమును చూచి సంతోషింపని మనుష్యుడు ఉండడు. ఎన్నిమారులు చూచినను అది క్రొత్తగానే కనబడును. ఆంధ్రప్రదేశమునకు తూర్పున, శ్రీకాకుళము మొదలుకొని నెల్లూరు దాటి పులికాటు సరస్సు వరకు, ఇంచుమించు వేయి కిలోమీటర్ల పొడవున సముద్రతీరము కలదు. భీమునిపట్టణము, ఋషికొండ, విశాఖపట్టణము, సూర్యలంక, మైపాడు మొదలగు చోట్ల మెత్తని ఇసుక విశాలముగా పరచుకొని యున్నది. సెలవుదినము వచ్చెనా, పిల్లలును పెద్దలును అచ్చటికి చేరి, అలలలో కాళ్ళు తడుపుకొందురు, ఇసుకతో గుళ్ళు కట్టుదురు, గవ్వలు ఏరుకొందురు.

ఈ కాలమున పట్టణములలో కుక్కలను పెంచు కుటుంబములు పెక్కు కలవు. అట్టివారు తీరమునకు పోవునపుడు తమ కుక్కను గూడ వెంటబెట్టుకొని పోవుచుందురు. ఇది తగునా, తగదా యను విషయమున జనులలో రెండు అభిప్రాయములు వినబడుచున్నవి. కుక్కను తీరమునకు రానీయనే కూడదని కొందరందురు. నాలుగు గోడల నడుమ బ్రదుకు మూగజీవమునకు అంతటి విశాలస్థలము దొరకినపుడు గొలుసు విప్పి స్వేచ్ఛగా పరుగెత్తనీయవలెనని మరికొందరందురు.

నా అభిప్రాయమున ఈ రెండును సరియైనవి కావు. కుక్కను తీరమునకు తప్పక తీసికొనిపోవచ్చును. కాని దాని గొలుసు మన చేతిలో నుండవలెను. ఏ వేళ పోవలెనో, ఏ చోటికి పోవలెనో తెలిసికొని పోవలెను. ఏలయన, తీరము మనకు ఖాళీస్థలమువలె కనబడునే కాని, అది ఖాళీస్థలము కాదు. అచ్చట కాపురముండు ప్రాణులు అనేకములు కలవు. ఈ సంగతి కుక్కకు తెలియదు. తెలిసికొనగలవారము మనము. కావున జాగ్రత్తపడు బాధ్యతయు మనదే.

మొదట కుక్క పక్షమున మాటాడుదము. మనుష్యుడు మచ్చిక చేసికొనిన జంతువులలో కుక్కయే మొదటిదని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఆవును, మేకను పెంచుటకు వేలకొలది సంవత్సరములకు ముందే, వేటతో జీవించు కాలముననే, అది మన పూర్వుల వెంట నడచినది. మహాభారతమున మహాప్రస్థానిక పర్వమందు ధర్మరాజు స్వర్గద్వారమున నిలిచి, తన్ను నమ్మి వెంటవచ్చిన కుక్కను విడిచి లోనికి రానని పలికిన కథ మీరెరుగుదురు. అంతటి చిరకాలపు స్నేహితునికి ఒక సాయంకాలము సముద్రపు గాలి దొరకుట తప్పని ఎవరనగలరు?

తీరమున కుక్క పొందు ఆనందము చూడదగినది. మనము సముద్రమును కన్నులతో చూతుము. అది ముక్కుతో చూచును. చేపల వాసన, నాచు వాసన, ఉప్పుగాలి, ఇసుకలోని ప్రతి కలుగునుండి వచ్చు సన్నని వాసన, అన్నియు దానికి వేరువేరుగా తెలియును. వాసన పట్టు శక్తి దానికి మనకంటె ఎన్నో రెట్లు అధికము. అందుచేతనే ఇసుకపై అడుగు పెట్టినంతనే అది ముక్కు నేలకానించి, అటునిటు పరుగులు తీసి, ముందుకాళ్ళతో త్రవ్వనారంభించును. ఈ త్రవ్వుట దానికి ఆట. అయితే ఈ ఆటయే ఇతరులకు ఆపద యగుట ఎట్లో ముందు చెప్పెదను.

అంతకు ముందు, తీరమున కుక్కకు గల కష్టములను గూడ తెలిసికొనవలెను. వేసవిలో మధ్యాహ్నవేళ ఇసుక నిప్పువలె కాలును. మనకు చెప్పులుండును, కుక్కకు లేవు. దాని పాదములకు గల మెత్తలు గట్టివే యైనను, కాలిన ఇసుకపై బొబ్బలెక్కును. పైగా మనకువలె దేహమంతట చెమట పోసి చల్లబడు వీలు దానికి లేదు. నాలుక వెలుపలికి చాచి రొప్పుటచేతనే అది ముఖ్యముగా వేడిని పోగొట్టుకొనును. కావున తీరమునకు పోయినపుడు మొదట మన అరచేతి వెనుకభాగమును ఇసుకపై నుంచి చూడవలెను. ఏడెనిమిది క్షణములు ఓర్చుకొనలేకపోయినచో, ఆ ఇసుకపై కుక్కను నడిపింపరాదు. సూర్యోదయవేళయు, ఎండ తగ్గిన సాయంకాలమును అనుకూలమైనవి.

నీటి విషయము మరియొకటి. సముద్రజలమున సాధారణముగా లీటరునకు సుమారు 35 గ్రాముల లవణములుండును. ఆటలో అలసి దప్పిగొన్న కుక్క ఆ నీటినే త్రాగును. కొంచెము త్రాగినచో వాంతులు, విరేచనములు కలుగును. అధికముగా త్రాగినచో ప్రాణాపాయమే కలుగవచ్చును. అందుచేత ఇంటినుండి మంచినీటిని, ఒక చిన్న గిన్నెను తప్పక తీసికొని పోవలెను. తిరిగి వచ్చిన పిమ్మట దాని ఒడలిని మంచినీటితో కడిగి, కాలివ్రేళ్ళ సందులలోని ఇసుకను తుడువవలెను. ఈ పాటి శ్రమకు ఓర్వనివారు కుక్కను ఇంటివద్దనే యుంచుట మేలు.

ఇక ఆ తీరమున నివసించు ఇతర ప్రాణుల మాట చెప్పుకొందము. ఒక దినము ఉదయముననే పోయి, మనుష్యుల అడుగులు పడకముందు ఇసుకను పరిశీలించి చూడుడు. చిన్నచిన్న కలుగులు, వాని చుట్టును చల్లినట్లు ఇసుక గుండ్లు కనబడును. అవి పీతల ఇండ్లు. నీరు వచ్చి పోవు అంచున ఉల్లంకి మొదలగు నీటిపిట్టలు గుంపులుగా పరుగెత్తుచు, తడి యిసుకలో ముక్కు గ్రుచ్చి పురుగులను ఏరుకొని తినుచుండును. వానిలో కొన్ని మధ్య ఆసియానుండియు, హిమాలయములకు ఆవలి ప్రదేశములనుండియు శీతకాలమున మన తీరమునకు వచ్చునవి. వేసవి రాగానే అవి మరల అంతదూరము ఎగిరి పోవలెను. ఆ ప్రయాణమునకు కావలసిన క్రొవ్వును ఈ నెలలలోనే అవి దేహమున కూడబెట్టుకొనును. కుక్క ఒకటి మొరిగి తరిమినపుడెల్ల ఆ గుంపు తినుట మాని ఎగిరిపోవును. మనకది వేడుకగా తోచును. పిట్టకు మాత్రము తినవలసిన తిండి పోయినది, దాచిన బలము ఖర్చయినది. దినమునకు పదిమార్లు ఇట్లు జరిగినచో దానికెంత నష్టమో ఆలోచింపుడు.

అన్నిటికంటె గొప్ప అతిథి సముద్రపు తాబేలు. మన తీరమునకు వచ్చు తాబేళ్లలో ఆలివ్ రిడ్లే అను జాతి ముఖ్యమైనది. శీతకాలము చివర మొదలుకొని వేసవి ఆరంభము వరకు ఆడతాబేళ్లు రాత్రివేళ సముద్రమునుండి వెలువడి ఒడ్డునకు వచ్చును. ఒడిశా తీరమున గహిరమథ, ఋషికుల్య నదీముఖము అను చోట్ల అవి వేలకొలదిగా, లక్షలకొలదిగా ఒక్కసారి వచ్చుట లోకప్రసిద్ధము. మన తీరమున అట్లు గుంపులుగా గాక, ఒక్కొక్కటియే వచ్చును. శ్రీకాకుళము, విశాఖపట్టణము, కాకినాడ సమీపమునందలి హోప్ ద్వీపము, నెల్లూరు తీరము మొదలగు స్థలములు వాని పుట్టినిండ్లు.

ఆ తల్లి తాబేలు పడు శ్రమను వినుడు. నీటిలో తేలికగా ఈదు ఆ ప్రాణి నేలపై తన బరువును ఈడ్చుకొనుచు, అలలు తాకని చోటికి ప్రాకి వచ్చును. వెనుకకాళ్ళతో మూరెడు లోతున కడవవంటి గుంట త్రవ్వి, అందులో సుమారు 100 గ్రుడ్లు పెట్టును. పిదప ఇసుక కప్పి, తన పొట్టభాగముతో అటునిటు కొట్టి చదును చేసి, తెల్లవారకముందే సముద్రమున కలిసిపోవును. మరల ఆ గ్రుడ్లను చూడ రాదు. వానిని పొదుగునది ఇసుక వేడిమియే. ఆ వేడిమి అధికమైనచో ఆడపిల్లలు, తక్కువైనచో మగపిల్లలు పుట్టుట ఇందలి వింత. 45 మొదలు 60 దినముల లోపల పిల్లలు గ్రుడ్లు చీల్చుకొని, అన్నియు కలిసి ఇసుకను తోసికొనుచు రాత్రివేళ పైకి వచ్చును. అగ్గిపెట్టెలో పట్టునంతటి ఆ పిల్లలు, నీటిపై కనబడు వెలుగును గుర్తుగా బెట్టుకొని సముద్రమువైపు పరుగెత్తును. వేయి పిల్లలలో ఒక్కటి మాత్రమే పెరిగి పెద్దదగునని సామాన్యముగా అంచనా వేయుదురు.

ఇప్పుడు ముందు చెప్పిన కుక్క ముక్కును, దాని త్రవ్వు ఆటను జ్ఞప్తికి తెచ్చుకొనుడు. మూరెడు లోతున ఇసుక క్రింద దాగిన గూడు మన కంటికి కనబడదు. మనము దానిపైనుండియే నడచి పోదుము. కుక్క మాత్రము వాసనచేత దానిని కనుగొనును. రెండు నిమిషములలో త్రవ్వివేయును. తల్లి రాత్రియంతయు పడిన పాటు, నూరు ప్రాణముల ఆశ, ఒక్క ఆటలో నశించును. కొన్నివేళల గ్రుడ్లు పెట్టుటకు వచ్చిన తల్లియు కుక్కలకు బెదరి, గ్రుడ్లు పెట్టకయే మరలిపోవును. ఈ బాధ నివారించుటకే అటవీశాఖవారు విశాఖపట్టణము మొదలగు తీరములందు తెల్లవారకముందే గూళ్ళను వెదకి, గ్రుడ్లను జాగ్రత్తగా తీసి, కంచె వేసిన రక్షణస్థలములలో పాతిపెట్టుచున్నారు. పిల్లలు పుట్టిన పిమ్మట వానిని సముద్రమున విడుచుచున్నారు. 1972 సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ఈ తాబేళ్లకు అత్యున్నత రక్షణను ఇచ్చుచున్నది. వానిని గాని, వాని గ్రుడ్లను గాని హింసించుట నేరము.

తీరమున బ్రదుకు మనుష్యులను గూడ మరువరాదు. మనకు తీరము విహారస్థలము. బెస్తవారికి అది పని చేయు చోటు. వారు అచ్చటనే వలలు బాగుచేసికొందురు, తెప్పలు నిలుపుకొందురు, చేపలు ఎండబెట్టుకొందురు. ఎండుచున్న చేపలపై కుక్క నడచినను, మూత్రము విడిచినను, ఆ కుటుంబపు ఆ దినపు కష్టము పాడగును. ఒక మాట అనుటకు గూడ వారు సంకోచించి ఊరకుందురు. వారు ఊరకుండుట మనకు అనుమతి యని తలచుట న్యాయము కాదు.

మరియొక విషయము చెప్పుటకు ఇంపుగా నుండదు. అయినను చెప్పక తీరదు. కుక్క మలమునందు కొంకిపురుగుల గ్రుడ్లు ఉండవచ్చును. తడియు, వెచ్చదనమును గల ఇసుకలో అవి పొదిగి, కంటికి కనబడని సన్నని పురుగులగును. వట్టికాళ్ళతో నడచువారి చర్మమున ఆ పురుగులు దూరి, ఎఱ్ఱని వంకర గీతలవలె ప్రాకి, తీవ్రమైన దురదను కలిగించును. తీరమున వట్టికాళ్ళతో నడచువారెవరు? ఆడుకొను పిల్లలు, పని చేయు బెస్తవారు. కావున కుక్క మలమును కాగితముతోనో, సంచితోనో ఎత్తి చెత్తకుండీలో వేయుట దాని యజమాని విధి. అది నామోషీ పని కాదు. ఇతరుల పాదముల క్రింద దానిని విడిచి పోవుటయే నామోషీ. అట్లే కుక్కకు పిచ్చికుక్కకాటు వ్యాధి రాకుండ ప్రతి సంవత్సరము టీకా వేయింపవలెను; పురుగులు పోవుటకు మందు ఇప్పింపవలెను. ఈ రెండును చేయక దానిని జనసమ్మర్దములోనికి తీసికొని పోరాదు.

ఇచ్చట కొందరొక ఆక్షేపణ చేయుదురు. "తాబేళ్లను చంపుచున్నవి పెద్ద పడవల వలలు కదా! గూళ్ళను త్రవ్వుచున్నవి ఎక్కువగా వీధికుక్కలు కదా! నా ఒక్క పెంపుడు కుక్కను కట్టివేసినంత మాత్రమున ఏమగును?" అని వారి ప్రశ్న. ఇందు కొంత నిజము లేకపోలేదు. తాబేలు ఊపిరితిత్తులతో గాలి పీల్చు ప్రాణి. మరపడవలు ఈడ్చు వలలో చిక్కి పైకి రాలేకపోయినచో ఊపిరాడక చచ్చును. 2025 జనవరి మాసమున చెన్నై పరిసర తీరములకు వందలకొలది తాబేళ్ల కళేబరములు కొట్టుకొని వచ్చినవి. ఆ వలలను అదుపులో నుంచుట ప్రభుత్వముల పని, అది జరుగవలెను. వీధికుక్కలకు సంతాననిరోధక శస్త్రచికిత్సయు, టీకాలును చేయింపవలెనని 2023లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన నియమములు చెప్పుచున్నవి, ఆ పని పురపాలక సంఘములది, అదియు జరుగవలెను. కాని ఒకడు చేయవలసిన పెద్దపని మిగిలియున్నదను మిషచేత, మరియొకడు తన చిన్నపనిని మానుట యుక్తమా? మరపడవను ఆపుట ఎనిమిదవ తరగతి విద్యార్థి చేతిలో లేదు. గొలుసు మాత్రము అతని చేతిలోనే యున్నది.

మరికొందరు కుక్క చేసిన తప్పునకు కుక్కనే కొట్టుదురు. ఇదియు అన్యాయమే. భారతము ఆదిపర్వమున సరమ కథ కలదు. సరమ దేవలోకపు కుక్క. జనమేజయ మహారాజు యాగము చేయుచున్న చోటికి ఆమె కుమారుడు ఆడుకొనుచు పోగా, రాజు తమ్ములు వానిని కొట్టిరి. వాడు ఏడ్చుచు తల్లికి చెప్పుకొనెను. సరమ రాజుకడకు వచ్చి, ఏ తప్పును చేయని తన బిడ్డను దయలేక కొట్టించినందుకు, ఆలోచన లేక పనులు చేయువారికి ఊహింపని భయములు కలుగునని పలికి పోయెను. అంతటి మహారాజు ఆ మాటకు కలత చెందెను. ఇసుక త్రవ్వుట కుక్కకు ప్రకృతి. పిట్టను తరుముట దానికి స్వభావము. ఆపగల సమయమున ఆపక, గూడు చెడిన పిమ్మట కఱ్ఱ ఎత్తువాడు జనమేజయుని తమ్ములవంటివాడే. గొలుసు కుక్కకు శిక్ష కాదు. అది చేయగల తప్పునుండి దానిని కాపాడు స్నేహహస్తము.

ఇట్టి కట్టుబాట్లు కొత్తవి కావు. బ్రిటను దేశమున ప్రజలు కుక్కలను మిక్కిలి ప్రేమింతురు. అయినను అచ్చటి పెక్కు తీరములందు జనులు విశేషముగా వచ్చు వేసవి నెలలలో, సాధారణముగా మే మొదలు సెప్టెంబరు వరకు, కుక్కలను రానీయరు. తక్కిన నెలలలో రానిత్తురు. ప్రేమకును కట్టుబాటునకును విరోధము లేదని దీనివలన తెలియుచున్నది. మన తీరమునకు తగిన కట్టుబాటు వేరుగా నుండవలెను. జనవరి మొదలు మే వరకు, తాబేళ్లు గ్రుడ్లు పెట్టి పిల్లలు వెలువడు కాలమున, రాత్రివేళ ఇసుకపైకి కుక్కలను తీసికొని పోరాదు. పగటివేళ గొలుసు పట్టుకొని, తడి యిసుక అంచునే నడువవలెను. గూళ్ళుండు పొడి యిసుక మెట్టలపైకి పోనీయరాదు. పిట్టల గుంపు కనబడినచో దూరముగా తొలగి పోవలెను. ఈ నియమములను వ్రాసిన పలక ఒకటి ప్రతి తీరమున నిలుపుట స్థానిక సంస్థలకు పెద్ద వ్యయమైన పని కాదు.

పిల్లలు ఏమి చేయగలరని మీరు అనుకొనవలదు. చెన్నై నగరమున 1988లో కొందరు విద్యార్థులు తాబేళ్ల రక్షణకై ఒక సంఘముగా ఏర్పడిరి. తాబేళ్లు గ్రుడ్లు పెట్టు మాసములలో వారు రాత్రివేళ మైళ్ళకొలది ఇసుకలో నడచి, గూళ్ళను వెదకి, గ్రుడ్లను కాపాడి, పిల్లలను సముద్రమున విడుచుచు వచ్చిరి. ఒక తరము వారు చదువు ముగించి పోగా మరియొక తరము వారు ఆ పనిని అందుకొనిరి. వారికి అధికారము లేదు, ధనము లేదు. నడచు కాళ్ళును, చూచు కన్నులును, పట్టుదలయు మాత్రమే యుండెను.

బాలబాలికలారా! మీ ఇంట కుక్క యున్నచో దానిని సముద్రమునకు తీసికొని పొండు. ఉప్పుగాలిని దాని ముక్కునిండ పీల్చుకొననిండు. అలలతో మొరిగి ఆడుకొననిండు. కాని దాని వెంట నడచునపుడు, మీ అడుగుల క్రింద నూరు గ్రుడ్లు నిద్రించుచుండ వచ్చుననియు, మీకు ముందున్న పిట్ట హిమాలయములు దాటి వచ్చినదనియు, ప్రక్కన ఎండుచున్న చేప ఒక కుటుంబపు అన్నమనియు జ్ఞప్తియందుంచుకొనుడు. పది పదునైదు సంవత్సరములు గడచిన పిమ్మట, ఈ సంవత్సరము పుట్టిన తాబేటి పిల్లలలో బ్రదికిన ఒక్కటి, తల్లియై, గ్రుడ్లు పెట్టుటకు ఒడ్డునకు రావలసియున్నది. అప్పటికి మీరును పెద్దవారగుదురు. అది వచ్చునో, రాదో యను విషయము కొంతవరకు నేడు మీరు గొలుసును పట్టు పట్టుపై ఆధారపడి యున్నది.